విక్టోరియా కాలపు ఆటను గీయువారికి

నేడు మన యిండ్లలోని పిల్లలు కంప్యూటరు ఆటలను ఆడుటయే గాక, స్వయముగా కూర్చుచున్నారు కూడ. విక్టోరియా రాణి కాలపు కథను ఎన్నుకొన్నవారు తొలుత తలచునది లండను పొగమంచును, గ్యాసు దీపములను. ఆ చిత్రములు నకలుకు నకలై అరిగిపోయినవి. హనుమాన్ జంక్షనులో కూర్చుండి అట్టి ఆటను గీయు యువకునకు ఆధారములు చేరువనే కలవు.

రాణి పాలించినది 1837 నుండి 1901 వరకు. విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టినది 1852–55 నడుమ. ఆ చోట 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినను, కాలువల లాకులను చూచినచో నాటి పనితనము తెలియును. లాకు అనగా రెండు తలుపుల నడుమ నీటిగది. పడవ ప్రవేశింపగానే వెనుక తలుపు మూసి, ఎగువ నీటిని మెల్లగా వదలుదురు. మట్టముతోపాటు పడవయు లేచును. అపుడు ముందు తలుపు తెరతురు. ఏ తలుపు ముందు, ఏది తరువాత అన్నదే ఆటకు చాలినంత చిక్కు! తలుపు బొమ్మను మాత్రమే గీసికొని వచ్చినచో సగము పని జారవిడిచినట్లే.

విజయవాడలోని నేటి బాపు మ్యూజియము 1887లో రాణి స్వర్ణోత్సవ స్మారకముగా మొదలిడిన కట్టడము. ఆ మందిరముననే 1921లో పింగళి వెంకయ్యగారు జెండా నమూనాను గాంధీజీకి అందించిరి.

బందరు డచ్చి సమాధులు కన్నులకింపుగా నుండును గాని మోసపోరాదు. వానిలో 17వ శతాబ్దపువి కలవు. బందరుకు రాణి కాలపు గుర్తు వేరు. 1864 నవంబరు 1న తుపానుతో సముద్రము ఊరిమీదికి పొంగగా సుమారు 30,000 మంది మరణించిరి. ఆ రాత్రిని గీయదలచినవారు మొదట ఊరికిని సముద్రమునకును నడుమ నేల ఎంత పల్లమో నడచి చూడవలెను.