మట్టిని బట్టి మోడ్

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర సాయంత్రం పది నిమిషాలు నిలబడితే చాలు. థార్, జిమ్నీ, ఫార్చ్యూనర్, డిఫెండర్... గుట్టలెక్కడానికీ వాగులు దాటడానికీ తయారైన బళ్లు ఒకదాని వెనక ఒకటి సిగ్నల్ కోసం ఆగి కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడ అవసరమైన బళ్లే అవి. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైనప్పుడు బంజారాహిల్స్‌లో చుట్టూ బండరాళ్లే. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. ఇప్పుడు ఆ రాళ్ల మీదుగా తారు పరుచుకుంది, రాళ్లు మాత్రం ఊరి బయటికి జరిగాయి.

సినిమాకి మాత్రం ఆ బళ్ల అవసరం తీరలేదు. కెమెరా తిరగడానికి నెలల ముందే దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, కళా దర్శకుడు ఫిల్మ్‌నగర్ నుంచి లొకేషన్లు చూసే రెక్కీకి బయల్దేరతారు. ‘పుష్ప’ కథ శేషాచలం అడవులదైనా, 2020 నవంబరులో యూనిట్ దిగింది గోదావరి అవతల మారేడుమిల్లి అడవిలో. 2025 మార్చిలో రాజమౌళి, మహేశ్‌బాబు సినిమా చిత్రీకరణ ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో జరిగింది. అలాంటి చోట్ల తారు అయిపోయాక బండిని నడిపించేది గేర్ రాడ్ పక్కనున్న రెండో రాడ్డో, డ్యాష్‌బోర్డు మీది చిన్న బటనో.

2020 థార్‌లో, జిమ్నీలో ఆ రెండో రాడ్డు ఉంది. 2హెచ్ అంటే ఇంజిన్ బలం వెనక చక్రాలకే, 4హెచ్ అంటే నాలుగింటికీ. 4ఎల్ కూడా నాలుగింటికే, కాకపోతే వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది. నేలను బట్టి మోడ్ ఎంచుకునే గుండ్రటి మీటను ల్యాండ్‌రోవర్ 2004లో డిస్కవరీ 3తో తెచ్చింది. ఇరవై ఏళ్లకు, 2024లో, థార్ రాక్స్‌లో స్నో, శాండ్, మడ్ పేర్లతో అలాంటి ఏర్పాటే వచ్చింది. ఈ మోడ్‌లు చక్రాలకు కొత్త బలాన్నేమీ ఇవ్వవు. యాక్సిలరేటర్ ఎంత మెత్తగా స్పందించాలి, జారుతున్న చక్రాన్ని ఎంతసేపు తిరగనివ్వాలి, బ్రేకు ఎప్పుడు పట్టాలి అన్న లెక్కల్ని మారుస్తాయి. కింద ఉన్న నేల ఏమిటో మొదట పోల్చుకోవాల్సింది డ్రైవరే.

సూర్యలంక తీరంలో పొడి ఇసుక మీదికి దిగితే ఊపు పోకూడదు. శాండ్ మోడ్ చక్రాన్ని కాస్త ఎక్కువగా తిరగనిస్తుంది, తొందరపడి బ్రేకు వేయదు. అయితే ఇసుకలో మోడ్ కన్నా ఎక్కువ పని చేసేది గాలి. టైర్లలో 30 పాయింట్లున్న గాలిని 18 దాకా దించితే టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. ఆపాల్సి వస్తే బ్రేకు గట్టిగా తొక్కకూడదు. తొక్కితే ముందు చక్రాల ఎదుట ఇసుక కుప్ప పడుతుంది, మళ్లీ కదలాలంటే ఆ కుప్పను ఎక్కాలి.

రేగడి వేరు. వానాకాలంలో వికారాబాద్ వైపు చేలగట్ల మీద అది టైరు గాడుల్లో నిండిపోయి చక్రాన్ని నున్నటి గుండులా మార్చేస్తుంది. మడ్ మోడ్‌లో చక్రం గట్టిగా తిరిగి ఆ మట్టిని విదిలించుకుంటుంది. కానీ బండి కదలకుండా చక్రాలే తిరుగుతుంటే వెంటనే ఆపెయ్యాలి. ఇంకో నిమిషం తిప్పితే ఛాసిస్ నేలకి ఆనుకుంటుంది. అప్పుడిక ట్రాక్టర్ రావాల్సిందే.

స్నో మోడ్ మనకెందుకనిపిస్తుంది. తడి గడ్డి, ఘాట్ దారిలో వదులు కంకర కూడా మంచులాగే జారతాయి కాబట్టే ల్యాండ్‌రోవర్ ఆ మూడింటినీ ఒకే మోడ్‌లో పెట్టింది.

రాళ్ల మీద 4ఎల్, మొదటి గేరు. ముందుగా బండి దిగి దారంతా నడిచి చూడాలి. తర్వాత ఒకరు ఎదురుగా నిలబడి చక్రం ఏ రాయి మీద పడాలో చేత్తో చూపిస్తుంటే మిగతా వాళ్లు పక్కకు తప్పుకోవాలి. నిటారు దిగుడులోనూ అదే గేరు. బ్రేకులు వేడెక్కిపోకుండా ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది.

అడవిలో చేసే తప్పులు వెంటనే కనిపిస్తాయి. తారు మీద చేసే తప్పు మాత్రం చప్పుడు లేకుండా నష్టం చేస్తుంది. థార్, జిమ్నీ లాంటి బళ్లలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. మట్టి మీదైతే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దేస్తుంది. ఫిల్మ్‌నగర్ ఎత్తుల్లో, పొడి తారు మీద, 4హెచ్‌లో యూటర్న్ కొడితే జారడానికి చోటుండదు. ఒత్తిడంతా షాఫ్టుల్లో చుట్టుకుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి కుదుపుతుంది, రాడ్డు వెనక్కి రానని మొరాయిస్తుంది. నెమ్మదిగా నేరుగా కొంత దూరం రివర్స్ చేస్తే ఆ ఒత్తిడి వదులుతుంది. డిఫెండర్‌లో మధ్య డిఫరెన్షియల్ ఉంది కాబట్టి ఆ బాధ లేదు.

నీటి సంగతి మరీ ముఖ్యం. పెద్ద వాన కురిస్తే జూబ్లీహిల్స్ నీళ్లు పల్లానికి, లైట్‌బాయ్‌లూ జూనియర్ ఆర్టిస్టులూ ఉండే కృష్ణానగర్‌లోకి పరుగెడతాయి. బైకులు కొట్టుకుపోయిన వీధులవి. థార్ 650 మిల్లీమీటర్ల నీటిలో, డిఫెండర్ 900 దాకా వెళ్లగలవని కంపెనీల మాట. అది నీటి లోతు గురించే తప్ప వరద వేగం గురించి కాదు. ప్రవాహం బండిని పక్కకు నెట్టి, టైరు నేల నుంచి లేచిపోతే నాలుగు చక్రాల బలమూ నీళ్లలోనే తిరుగుతుంది. మూత లేని మ్యాన్‌హోల్‌ని ఏ మోడూ కనిపెట్టలేదు. ఆ నీళ్లు తగ్గేదాకా గట్టు మీదే ఆగాలి.

మారేడుమిల్లి నుంచి తిరిగొచ్చే యూనిట్ బండి రంపచోడవరం తారు మీదికి రాగానే పక్కకు ఆగాలి. తగ్గించిన గాలి మళ్లీ 30 పాయింట్లకు నింపాలి. టైరు గాడుల్లో ఇరుక్కున్న రాళ్లు తీసేయాలి. 4హెచ్‌లో ఉన్న రాడ్డును 2హెచ్‌లోకి తేవాలి. హైదరాబాద్‌కి ఇంకా నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు తారు ఉంది.