మాది ఏజెన్సీ... గ్యాస్ ఏజెన్సీ కాదు!

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు క్యాంటీన్‌లో ఒకతను అడిగాడు. "మీదే ఊరు బ్రో?"

"హుకుంపేట. పాడేరు నుంచి అరకు వెళ్లే దారిలో. ఏజెన్సీ" అన్నాను.

"ఓ, మీ నాన్నగారికి ఏజెన్సీ ఉందా? గ్యాసా, ట్రావెల్సా?"

నవ్వొచ్చింది గానీ, అతని తప్పేం లేదు. మైదానంలో ఏజెన్సీ అంటే బోర్డు పెట్టుకున్న దుకాణం. మాకు మాత్రం ఘాట్ రోడ్డు ఎక్కితే మొదలయ్యే ప్రపంచం. ఇంగ్లీషు అక్షరం రాని మా అమ్మమ్మ కూడా "మన ఏజెన్సీలో చలెక్కువ" అంటుంది.

ఇంతకీ కొండలకు ఈ పేరెలా వచ్చింది? 1839లో ఈస్టిండియా కంపెనీ ఒక చట్టం చేసింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టర్ చేతిలో పెట్టింది. ఆ హోదాలో ఆయన 'గవర్నర్ ఏజెంటు'. ఏజెంటు ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ. రాజ్యాంగం వచ్చాక కాగితాల మీద 'షెడ్యూల్డ్ ప్రాంతం' అయింది. జనం నోట్లో పాత మాటే నిలిచిపోయింది. 1/70 చట్టం కింద వచ్చే భూమి కేసుల్లో అప్పీలు వినేటప్పుడు కలెక్టర్ ఇప్పటికీ 'ప్రభుత్వ ఏజెంటే'.

ఇప్పుడు నా ఉద్యోగంలోనూ ఇదే మాట. ఏఐ ఏజెంటు అంటే మన తరఫున పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్. దానికెంత అధికారం ఇవ్వాలి, ఎక్కడ ఆగి మనిషిని అడగాలి అన్నదే మా మీటింగుల్లో పెద్ద చర్చ. అది వింటుంటే నాకు 1839 గుర్తొస్తుంది. ఆ ఏజెంటు మా కొండల్లో ఉన్నాడు గానీ, మా తరఫున కాదు. గవర్నర్ తరఫున.

ఈ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. తన సంగతి తానే తేల్చుకోగల శక్తి. అది మాకు ఆలస్యంగా దక్కింది. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూసేకరణకు ముందు ఊరివాళ్లను సంప్రదించాలంది. మా పక్కనున్న అనంతగిరి మండలం గనుల గొడవే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో 'సమతా' తీర్పు వచ్చింది. గిరిజన ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదని కోర్టు తేల్చింది.

చట్టం ఉండటం వేరు, నోరు విప్పడం వేరు. పోయిన పండక్కి ఇంటికెళ్లినప్పుడు ఊళ్లో గ్రామసభ జరిగింది. రిజిస్టరు చేతులు మారుతూ అమ్మ దగ్గరకొచ్చింది. అమ్మ పెన్ను తీసుకోలేదు.

"సంతకం తర్వాత పెడతాం బాబూ. ముందు అందులో ఏం రాశారో చదివి వినిపించండి" అంది.

చదివారు. అందరూ విన్నారు. ఆ తర్వాతే సంతకాలు.

మాది ఏజెన్సీ అని ఇప్పుడు ఎవరికి చెప్పినా, నాకు ముందు గుర్తొచ్చేది ఆ అర్థమే.