కాలువ ఆగితే ఎన్నాళ్ళు?

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాములో గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. నిండుగా ఉన్న డ్యాములోంచి నీళ్ళు నదిపాలయ్యాయి. వారం రోజులు శ్రమపడి ఇంజనీర్లు ఆ ఖాళీలో ఇనుప పలకలు ఒకదానిమీద ఒకటి దించి ప్రవాహాన్ని ఆపగలిగారు.

గేటు పోతే ఆదోని, ఎమ్మిగనూరు వాళ్ళకు గుబులెందుకు? ఆ డ్యాము నుంచి వచ్చే దిగువ కాలువ నీళ్ళే ఈ ఊళ్ళ కుళాయిల్లోకి వస్తాయి గనుక. కాలువ ఏడాది పొడుగునా పారదు. పారినన్నాళ్ళూ చెరువు నింపుకుని ఎండాకాలం గడుపుకోవాలి. ఆదోనికి బసలదొడ్డి దగ్గర వేసవి నిల్వ చెరువు ఉన్నది అందుకే.

ఆపద వస్తే తట్టుకుని తేరుకునే శక్తిని పెంచుకోవాలని ఐక్యరాజ్య సమితి 2010లో నగరాలను కోరింది. ఆ శక్తిని కొలవడానికి పెద్ద పెద్ద పట్టికలున్నాయి. మనకు ఒక్క ప్రశ్న చాలు: కాలువ ఆగితే చెరువులో నీళ్ళు ఎన్ని రోజులొస్తాయి?

2011 జనాభా లెక్కల్లో ఆదోని జనం సుమారు 1,66,000. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క. గుణించండి. సుమారు 2 కోట్ల 24 లక్షల లీటర్లు! చెరువులో ఉన్న నీటిని దీనితో భాగిస్తే రోజులు వస్తాయి.

మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇంతవరకు చేసి నోటుపుస్తకాలు మూసేశారు. ఒకమ్మాయి మాత్రం, "మరి ఎండ తాగే నీళ్ళో సార్?" అంది. నేను చెప్పడం మరిచిన సంగతి అది.

మన సీమ ఎండలకు చెరువు మట్టం ఆవిరి వల్లనే రోజుకు 8 మిల్లీమీటర్లు తగ్గుతుందనుకోండి. మాటవరసకు చెరువు నూరెకరాలు, అంటే సుమారు 4 లక్షల చదరపు మీటర్లు. రోజుకు 3,200 ఘనపు మీటర్లు, అనగా 32 లక్షల లీటర్లు గాలిలో కలుస్తాయి. దాదాపు 24 వేలమంది వాటా! అదే నీటిని తక్కువ వెడల్పులో, ఎక్కువ లోతులో నిల్వ చేస్తే ఈ నష్టం తగ్గుతుంది. పూడిక పేరుకుంటే లోతూ పోతుంది. 1953లో 133 టి.ఎం.సి.లు పట్టిన తుంగభద్ర డ్యాములో ఇప్పుడు దాదాపు 106 మాత్రమే పడుతున్నాయి. (టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు.)

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. చెరువుల నుంచి ఎక్కువ లాగుతుంది, కురిసినప్పుడు కుంభవృష్టిగా దింపుతుంది. 2009 చూడండి. వానలు మొహం చాటేసిన ఏడాది అది. అక్టోబరు మొదట్లో మాత్రం తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది, ఎమ్మిగనూరు పక్కనున్న మంత్రాలయం మునిగింది. పంపులు మునిగితే చుట్టూ నీళ్ళున్నా తాగడానికి చుక్క ఉండదు. అందుకని మీ లెక్క పక్కన మరో రెండు ప్రశ్నలు రాసుకోండి: పంపుల గది ఎంత ఎత్తున ఉంది? కాలువ కాక ఊళ్ళో ఇంకేం నీళ్ళున్నాయి, పాత బావులు వాడుకలో ఉన్నాయా, చెత్తతో నిండాయా?

చెరువు విస్తీర్ణం, లోతు మునిసిపల్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఆవిరిని మరవకుండా లెక్క కట్టండి. కాలువ మూసి ఉంచే రోజులకన్నా జవాబు తక్కువ వస్తే గుణకారం ఒకసారి సరిచూసుకోండి. అప్పటికీ తక్కువే వస్తే, ఆ కాగితం ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి.