సాయంత్రం నాలుగింటికే చీకటిపడే నగరంలో

వారాంతానికి ఒకటి రెండు సెలవులు కలుపుకొని, ఒకే ఊళ్లో మూడు నాలుగు రాత్రులు గడిపి తిరిగివచ్చే చిన్న ప్రయాణాన్ని యూరప్‌లో సిటీ బ్రేక్ అంటారు. పది రోజుల్లో ఆరు దేశాలు చూపించే ప్యాకేజీ టూరుకూ దీనికీ పోలిక లేదు. ఒక ఊరిని, ఆ ఊరివాళ్ల దినచర్య కొంతైనా తెలిసేంత నింపాదిగా చూడడమే దీని ఉద్దేశం. శీతాకాలంలో ఇలాంటి ప్రయాణం తలపెట్టే దంపతులు అన్నిటికంటే ముందు లెక్క చూసుకోవలసింది పగటి వెలుతురు. ఆస్ట్రియా రాజధాని వియన్నా 48 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక, డిసెంబరు మూడో వారంలో అక్కడ సూర్యుడు ఉదయం 7.40 ప్రాంతంలో పొడిచి సాయంత్రం 4 గంటలకల్లా కుంగిపోతాడు. పగలు 8 గంటల 20 నిమిషాలకు మించి ఉండదు. అవే రోజుల్లో హైదరాబాద్‌లో పగలు సుమారు 11 గంటలుంటుంది. వేసవి కోసం తయారైన చూడవలసిన స్థలాల జాబితాను పట్టుకొని జనవరిలో బయలుదేరినవారికి, జాబితాలో సగం చూడకముందే చీకటి పడిపోవడానికి కారణం ఇదే.

కాబట్టి శీతాకాలానికి ఊరిని ఎంచుకునేటప్పుడు అక్కడి వీధులు, తోటలు ఎంత అందంగా ఉంటాయని కాక, నాలుగు గోడల మధ్య ఆ ఊరి జీవితం ఎంత నిండుగా ఉంటుందని చూడాలి. ఈ కొలతతో చూస్తే వియన్నాకు సాటివచ్చే నగరాలు తక్కువ. కాఫీ హౌసులు, సంగీతశాలలు, నాట్యమందిరాలు, చిత్రశాలలు అన్నీ అక్కడ దీపాలు వెలిగించాక మరింత కళకళలాడతాయి. షోన్‌బ్రున్ రాజభవనం వంటి చోట్ల తోటలకు వేసవే తగిన కాలం; చలిలో వెళ్లినవారు భవనం లోపలి గదులు చూసి తోటను మరో ప్రయాణానికి వదిలేయడం మంచిది.

ఎప్పుడు వెళ్లాలన్నది రెండో ప్రశ్న. వియన్నా శీతాకాలం నిజానికి మూడు వేర్వేరు కాలాలు. నవంబరు నడిమి నుంచి క్రిస్మస్ దాకా నగర సభాభవనం ఎదుట, చర్చిల చుట్టూ క్రిస్మస్ సంతలు సాగుతాయి. మసాలా దినుసులు వేసి కాచిన ద్రాక్షసారాను, పంచ్ అనే వేడి పానీయాన్ని అక్కడ పింగాణీ కప్పుల్లో పోసి, కప్పుకు కొంత డిపాజిట్ తీసుకొని, కప్పు తిరిగి ఇచ్చినప్పుడు ఆ సొమ్ము వాపసు చేస్తారు. సందడి ఇష్టమైన జంటలకు ఇది తగిన కాలమే కాని, రద్దీతోపాటు గదుల అద్దెలూ పెరుగుతాయి. రెండోది డిసెంబరు 24 నుంచి 26 వరకు ఉండే పండుగ విరామం. 24 మధ్యాహ్నానికే దుకాణాలు కట్టేస్తారు. ఆ తర్వాతి రెండు రోజులూ సెలవు దినాలే. ఊరు కొత్తగా చూస్తున్నవారు ఆ మూడు రోజులు తప్పించుకోవడం మేలు. మూడోది జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి వరకు సాగే కాలం. సంతలు ఎత్తేసిన సభాభవనం ఎదుట అప్పుడు ఐస్ స్కేటింగ్ బాటలు వేస్తారు, అద్దెలు దిగివస్తాయి, మ్యూజియాల్లో నిలబడి చూడడానికి చోటు దొరుకుతుంది. నింపాదిగా ఊరు చూడాలనుకునే ఇద్దరికి ఈ మూడో కాలాన్ని మించింది లేదు.

బాల్ అనే నాట్యోత్సవాలు నిండుగా జరిగేదీ ఆ వారాల్లోనే. ఈస్టర్‌కు ముందు తెలుగు క్రైస్తవులు శ్రమకాలంగా పాటించే నలభై రోజుల ఉపవాసం మొదలయ్యేలోపు, ఒక్క వియన్నాలోనే 400కు పైగా బాల్‌లు జరుగుతాయి. వైద్యులకు ఒకటి, న్యాయవాదులకు ఒకటి, మిఠాయి చేసేవారికి ఒకటి, కాఫీ హౌసుల యజమానులకు ఒకటి చొప్పున ఎన్నో వృత్తులకు సొంత బాల్‌లు ఉన్నాయి. వీటిలో చాలావాటికి టికెట్టు కొన్నవారెవరైనా వెళ్లవచ్చు, అయితే దుస్తుల నియమం కచ్చితంగా పాటించాలి. వాల్ట్స్ నాట్యం రానివారికి అడుగులు నేర్పే నాట్యపాఠశాలలూ ఊళ్లో ఉన్నాయి. 1919లో మొదలైన ఎల్మయర్ వాటిలో పేరున్నది.

నగరం లోపలి జీవితానికి కేంద్రం కాఫీ హౌస్. ఆస్ట్రియా 2011లో దీన్ని తన అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో, అంటే కట్టడాలుగా కాక ఆచారాలుగా నిలిచిన వారసత్వాల పట్టికలో చేర్చింది. పాలరాతి బల్ల, వంచిన చెక్కతో చేసిన తోనెట్ కుర్చీ, కర్రచట్రానికి బిగించి గోడకు తగిలించిన దినపత్రికలు దాని గుర్తులు. వేడి పాలు, నురగ కలిపిన మెలాంజ్ అనే కాఫీ అడిగితే దాన్ని చిన్న లోహపు పళ్లెంలో, గ్లాసుడు మంచినీళ్లతో, గ్లాసు మీద బోర్లించిన చెంచాతో తెచ్చి పెడతారు. ఆ నీరు ఆల్ప్స్ పర్వతాల ఊటల నుంచి 1873లో కట్టిన కాలువ ద్వారా నగరానికి వచ్చే నీరే. ఇళ్లలో, హోటళ్లలో కుళాయి తిప్పితే వచ్చేదీ కొండ ఊటల నీరే కనుక వియన్నాలో సీసా నీళ్లు కొనవలసిన పని లేదు. ఒక్క కాఫీ తాగి గంటలకొద్దీ కూర్చున్నా లేవమని ఎవరూ అనరు. 1876లో తెరిచిన కేఫ్ సెంట్రల్ ఎదుట తరచూ క్యూ ఉంటుంది. బిలియర్డ్స్ బల్లలున్న 1880 నాటి కేఫ్ స్పెర్ల్, రాత్రి పూట లోపల జామ్ పెట్టి కాల్చిన బుఖ్టెల్న్ అనే మెత్తని రొట్టెలు వడ్డించే హవెల్కా చూస్తే ఈ సంప్రదాయం ఇంకా దగ్గరగా తెలుస్తుంది.

జంటగా వెళ్లేవారికి కాఫీ హౌస్ వల్ల మరో మేలుంది. ఇద్దరి ఓపిక, ఇద్దరి ఇష్టం ఒకటే కావాలన్న నియమం లేదు. ఒకరు చిత్రాల ముందు మూడు గంటలు నిలబడగలరు, మరొకరికి గంట చాలు. ఒకరు చలిలో హాయిగా నడుస్తారు, మరొకరికి పావుగంటకే వేళ్లు కొంకర్లు పోతాయి. రోజంతా ఒకరినొకరు అంటిపెట్టుకొని తిరగాలన్న పట్టింపు ఈ తేడాను చిరాకుగా మారుస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలు ఎవరి దారిన వారు తిరిగి ఫలానా కాఫీ హౌసులో కలుద్దామని చెప్పుకుంటే, ముందు వచ్చినవారు వెచ్చగా కూర్చొని ఎదురుచూడవచ్చు, ఆలస్యంగా వచ్చినవారు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. రోజుకు ఇద్దరూ కలిసి చేసే ముఖ్యమైన పని ఒక్కటే పెట్టుకొని, అది సాయంత్రానికి ఉంచుకొని, పగటి పనులను దాని చుట్టూ అమర్చుకుంటే ప్రణాళిక చక్కగా కుదురుతుంది.

అలాంటి సాయంత్రాల్లో మొదటిది రాష్ట్ర ఒపెరా భవనంలో గడపాలి. మొజార్ట్ రచించిన డాన్ జొవాన్నీతో 1869లో ప్రారంభమైన ఈ భవనం 1945 మార్చిలో బాంబుదాడికి కాలిపోగా, పునర్నిర్మించి 1955 నవంబరులో బేథోవెన్ ఫిడేలియోతో మళ్లీ తెరిచారు. సెప్టెంబరు నుంచి జూన్ వరకు దాదాపు ప్రతి రాత్రీ ఏదో ఒక ప్రదర్శన ఉంటుంది. మంచి సీటు ధర వందల యూరోల దాకా పోతుంది కాని, నిలబడి చూసే స్థలాలకు టికెట్టు చాలా చవక. లోపలికి వెళ్లినవారు తమ చోటు ముందున్న కమ్మీకి మఫ్లర్ ముడివేస్తే ఆ చోటు వారిదేనని అందరూ గౌరవిస్తారు. ముడివేసి బయటికి వెళ్లి ఏదైనా తిని రావచ్చు. పాట అర్థం కావడానికి ప్రతి చోటు ముందూ ఇంగ్లీషు అనువాదం చూపే చిన్న తెర ఉంటుంది. మూడు గంటలు నిలబడలేనివారు ఒక అంకం చూసి విరామంలో వచ్చేసినా డబ్బు వృథా అయిందన్న బాధ ఉండదు.

చిత్రశాలల్లో రెండింటికి సమయం కేటాయిస్తే చాలు. 1891లో తెరిచిన కళాచరిత్ర మ్యూజియంలో పీటర్ బ్రూగెల్ చిత్రాలు ప్రపంచంలో మరెక్కడా లేనన్ని ఉన్నాయి. ఆయన 1565లో వేసిన మంచులో వేటగాళ్లు అనే చిత్రంలో ముగ్గురు వేటగాళ్లు ఒకే ఒక నక్కను వేటాడి, వేలాడే తలలతో నడిచే కుక్కలతో కొండ దిగుతుంటారు. పక్కన సత్రం పేరుపలక ఒక కొక్కెం ఊడి వంకరగా వేలాడుతుంటుంది. కింద గడ్డకట్టిన చెరువుల మీద జనం ఆడుకుంటుంటారు. శ్రమ, ఆకలి, ఆట మూడూ ఒకే చలిలో కనిపించే ఆ చిత్రాన్ని, అదే చలిలో నడిచి వచ్చి చూడడంలో ఉన్న అనుభవం వేసవి యాత్రికులకు దొరకదు. రెండోది ఎగువ బెల్వెడేర్ భవనం. గుస్తావ్ క్లిమ్ట్ బంగారు రేకులు అద్ది వేసిన ముద్దు అనే చిత్రం అక్కడే ఉంది. మ్యూజియాలు కొన్ని సోమవారం మూసి ఉంటాయి, దుకాణాలు ఆదివారం తెరవరు. రోజులు పంచుకునేటప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోవాలి.

బట్టల విషయంలో ఒక్క మందపాటి కోటును నమ్ముకోకూడదు. జనవరిలో ఉష్ణోగ్రత సున్నాకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాని, భవనాల లోపల హీటర్ల వల్ల చెమట పడుతుంది. నూలుబట్ట ఆ చెమటను పట్టి ఉంచి, బయటికి రాగానే వంటికి చలి పుట్టిస్తుంది. అందుకే ఒంటికి తగిలే పొర ఉన్ని బట్టో, థర్మల్స్ అని అమ్మే లోదుస్తులో కావాలి. ఒపెరాలో కోట్లు కోటు గదిలో అప్పగించాలి. కాలిబాటల మీద జారకుండా చిన్న రాతిపలుకులు చల్లుతారు కనుక అడుగు మందంగా ఉన్న బూట్లు అవసరం. శాకాహారులకు తీపి వంటలు, చీజ్ వేసిన ష్పెట్జ్‌ల అనే పిండివంటకం దొరుకుతాయి, అయితే వాటిలో గుడ్డు సాధారణం. కూరగాయలే కనిపించే పలచని సూపు కూడా గొడ్డుమాంసం రసంతో కాచినది కావచ్చు, అడిగి తీసుకోవాలి.

జర్మనీ వంటి దేశాల్లో నివాస అనుమతితో ఉంటున్న తెలుగువారికి వియన్నా వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు. లండన్‌లో ఉన్నవారికైనా, హైదరాబాద్ నుంచి వెళ్లేవారికైనా భారతీయ పాస్‌పోర్టు ఉంటే షెంగెన్ వీసా, అంటే 29 దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి అనుమతి కావాలి. దంపతులైనా ఎవరి దరఖాస్తు వారిదే. పెద్దలకు రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, ప్రయాణానికి పదిహేను రోజుల ముందుకంటే ఆలస్యం చేయకూడదు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో అంత దూరం వెళ్లేవారు నాలుగు రాత్రులతో సరిపెట్టుకోకుండా ఆరు చేసుకొని, చివరి రెండింటికి రైలులో రెండున్నర గంటలకు కాస్త పైబడిన దూరంలో ఉన్న బుడాపెస్ట్‌కు వెళ్లడం న్యాయం. 1913లో తెరిచిన సెచేనీ స్నానశాలలో, చుట్టూ గాలి గడ్డకట్టే చలితో ఉన్నా, భూగర్భపు వేడినీళ్లు నింపిన ఆరుబయటి కొలనుల్లో జనం మెడదాకా మునిగి కూర్చుంటారు. హంగేరీ కూడా షెంగెన్‌లోనే ఉంది, అయితే అక్కడ చెల్లేది ఫోరింట్. రెండు ఊళ్లూ చూసేవారు ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి. ఈ లెక్కన అది ఆస్ట్రియా అవుతుంది.