నల్లగొండ నీరు – నానో కణాలు

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లోని అనేక గ్రామాల బోరునీరు ఈ హద్దును దాటింది. ఇందుకు ఏ కర్మాగారమూ కారణం కాదు. గ్రానైట్ శిలల్లోని ఫ్లోరైడ్ ఖనిజాలే భూగర్భజలంలో మెల్లగా కరుగుతున్నాయి. ఆ నీరు తాగిన పిల్లల పళ్ళు గారపడతాయి. ఏళ్ళ తరబడి తాగినవారి వెన్నెముక బిగుసుకుపోతుంది. మోకాళ్ళు వంకర తిరుగుతాయి. వంగిన ఎముకను తిరిగి నిలబెట్టే ఔషధం లేదు. నీటిని మరిగించినా ప్రయోజనం శూన్యం. నీరు ఆవిరై ఫ్లోరైడ్ గాఢత మరింత పెరుగుతుంది.

1970వ దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ఒక సులభమార్గాన్ని రూపొందించింది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన తరువాత పైనీటిని వంచుకోవాలి. ఇదే 'నల్లగొండ పద్ధతి'. ఒక జిల్లా పేరు తన వ్యాధి కారణంగా ప్రపంచ శాస్త్రగ్రంథాలకెక్కడం విచారకరమైన కీర్తి. అయితే పటికను ప్రతిదినం కొలిచి వేయాలి. మోతాదు తప్పితే అల్యూమినియం నీటిలో మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరో చిక్కు.

ఈ లోపాలను తీర్చగలవన్న ఆశతో శాస్త్రజ్ఞులు నానో కణాలను పరిశీలిస్తున్నారు. నానోమీటరు అంటే మీటరులో వందకోట్ల వంతు. ఒక సెంటీమీటరు ఘనపు ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే నానోమీటరు ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 6,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఒకటిన్నర ఎకరం అవుతుంది! ఫ్లోరైడ్ అంటుకొనేది ఉపరితలానికే కనుక, కొద్దిపాటి అల్యూమినియం ఆక్సైడ్ నానో కణాలు కూడా అధికంగా ఫ్లోరైడ్‌ను పట్టగలవు.

అమెరికాలోని ట్రెంటన్‌లో ఇనుప నానో కణాలను నేరుగా భూగర్భంలోకి పంపిన ప్రయోగ ఫలితాలు 2001లో వెలువడ్డాయి. అక్కడి కాలుష్యం ట్రైక్లోరోఇథిలీన్ అనే పారిశ్రామిక ద్రావకం. ఇనుము ఆ అణువును విడగొట్టగలదు. ఫ్లోరైడ్‌ను విడగొట్టడం సాధ్యం కాదు. పట్టి నిలపడమే మార్గం. పైగా నల్లగొండలో శుద్ధి చేయవలసినది ఒక గుంట కాదు, నేలక్రింద పరచుకొన్న శిల అంతా. కాబట్టి ఇక్కడ నానో కణాల స్థానం బోరులో కాదు, బోరు దాటిన తరువాత అమర్చే వడపోత గొట్టంలో.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం కృష్ణాజలాలను ఈ పల్లెలకు చేర్చింది. అయినా కుళాయి ఆగిన నాడు ఊరు మళ్ళీ బోరునే ఆశ్రయిస్తుంది. అటువంటి చోట్ల వడపోత గొట్టాలు ఉపకరిస్తాయి. కణాలు నిండిన తరువాత క్షారద్రావణంతో కడిగి తిరిగి వాడవచ్చు. కాని ఆ కడిగిన నీటిలో గొట్టం పట్టిన ఫ్లోరైడ్ అంతా ఉంటుంది. దానిని బోరు పక్కనే పారబోస్తే అది మళ్ళీ అదే నీటిలో చేరుతుంది.