వేట రైఫిల్ గురి సరిచేయుట

కొత్త వేట రైఫిల్‌పై అమర్చిన స్కోప్‌లో కనిపించు గురి, తూటా తగులు చోటు నిర్ణీత దూరములో ఒకటగునట్లు సర్దుటను గురి సరిచేయుట అందురు. జింకల వేటకు అనుమతి గల అమెరికాలో ఈ దూరము సాధారణముగా 100 గజములు. గురి తప్పిన రైఫిల్‌తో కాల్చిన జంతువు చావక, గాయముతో పారిపోయి అడవిలో బాధపడును.

ముందుగా తుపాకీ ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకొని స్కోప్ మరలు బిగించవలెను. అవి వదులైనచో తక్కిన శ్రమంతయు వృథా. తరువాత బోల్టు తీసి, గొట్టము గుండా 25 గజముల లక్ష్యమును చూచుచు, రైఫిల్ కదలకుండ స్కోప్ గీతలను దానిపైకి తెత్తురు. ఆ దూరమున ఒకటి రెండు తూటాలు కాల్చి సరిచూచిన పిమ్మట 100 గజములకు పోవుదురు.

ఇసుక సంచులపై ఆనించి మూడు తూటాలు కాల్చి, వాటి నడిమి బిందువును బట్టి సర్దవలెను, ఒక్క తూటాను బట్టి కాదు. అనేక స్కోప్‌లలో ఒక క్లిక్‌కు 100 గజముల వద్ద సుమారు పావు అంగుళము మారును. తూటాలు 3 అంగుళములు క్రిందుగా తగిలినచో 12 క్లిక్‌లు పైకి త్రిప్పవలెను. అదే తేడా 25 గజముల వద్ద కనబడినచో 48 క్లిక్‌లు కావలెను. కొత్తవారు తరచుగా పొరబడునది ఇక్కడనే.

వేట రైఫిల్ గొట్టము సన్ననిది. వేడెక్కినచో తూటా తగులు చోటు మారవచ్చును. అందుచేత మధ్యమధ్య చల్లారనీయవలెను. అడవిలో మొదటి తూటా చల్లని గొట్టమునుండియే వెడలును గనుక, మరునాడు కాల్చిన తొలి తూటా ఎక్కడ తగిలినదన్నదే అసలు పరీక్ష. తూటాల రకము మార్చినప్పుడు గురిని మరల సరిచూచుకొనవలెను.