మోటారు మెల్లగా లేస్తే తీగలకేం కష్టం?

రైస్ మిల్లులో పెద్ద మోటారు స్విచ్ వేయగానే దీపాలు ఒక్క క్షణం మసకబారడం చాలామంది చూసే ఉంటారు. ఆగి ఉన్న ఇండక్షన్ మోటారును నేరుగా లైనుకు కలిపితే, నిండు లోడుతో నడిచేటప్పుడు తీసుకునేదానికి ఆరు నుంచి ఎనిమిది రెట్ల కరెంటు లాగుతుంది. ఆ ఊపుకు బెల్టులు జారతాయి, కప్లింగులు అరుగుతాయి. దీనికి పాత విరుగుడు స్టార్-డెల్టా స్టార్టర్. అది లైను కరెంటును మూడో వంతుకు దించుతుంది. కానీ స్టార్ నుంచి డెల్టాకు మారేటప్పుడు మళ్లీ ఒక కుదుపు వస్తుంది.

కుదుపే లేకుండా మోటారును లేపే దారి 1957లో తెరుచుకుంది. ఆ ఏడాది అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో గోర్డన్ హాల్ బృందం సిలికాన్ థైరిస్టర్‌ను తయారుచేసింది. బిల్ గట్జ్‌విల్లర్ దాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. గేటుకు చిన్న సంకేతం అందితే థైరిస్టర్ పెద్ద కరెంటును వదులుతుంది. కరెంటు సున్నాకు పడిపోయేదాకా ఇక మూసుకోదు. ఒక్కో ఫేజులో రెండేసి థైరిస్టర్లను ఎదురెదురుగా పెట్టి, ప్రతి అర తరంగంలో కాస్త ఆలస్యంగా గేటు సంకేతం ఇస్తే, మోటారుకు తరంగంలో ఒక ముక్కే చేరుతుంది. ఆ ఆలస్యాన్ని కొన్ని సెకన్లలో క్రమంగా తగ్గిస్తూ పోతే వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది. సాఫ్ట్ స్టార్టర్ పని ఇదే. నాసా మార్షల్ కేంద్రంలో ఫ్రాంక్ నోలా ఇదే పద్ధతిని మరో పనికి వాడాడు. తక్కువ లోడుతో తిరిగే మోటారుకు వోల్టేజీ తగ్గించి విద్యుత్తు ఆదా చేసే పరికరానికి 1977లో ఆయనకు పేటెంట్ వచ్చింది.

మోటారుకు మేలు చేసిన ఆ కోతే పక్కనున్న తీగలకు చేటు. 50 హెర్ట్జ్ సరఫరాలో ఒక్కో ఫేజులో సెకనుకు 100 అర తరంగాలుంటాయి. ప్రతి అర తరంగంలోనూ థైరిస్టర్ తెరుచుకోగానే మోటారు కేబుల్ మీద వోల్టేజీ ఉన్నట్టుండి వందల వోల్టులు ఎగురుతుంది. మోటారు చుట్ల ఇండక్టెన్స్ వల్ల కరెంటు అంత త్వరగా పెరగలేదు. వోల్టేజీకి ఆ అడ్డు లేదు. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడాలి. మోటారు కేబుల్ పక్కనే కొంత దూరం పరిచిన కంట్రోల్ వైరుకు, దానికి మధ్య 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉందనుకుందాం. వోల్టేజీ ఒక మైక్రోసెకనులో 300 వోల్టులు ఎగిరితే ఆ వైరులోకి దూకే కరెంటు 30 మిల్లీఆంపియర్లు. ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ తన కొలతను పంపేది 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల మధ్యనే! ఆ పోటు క్షణంలో పోతుంది, నిజమే. కానీ చురుకైన ఎలక్ట్రానిక్ ఇన్‌పుట్‌కు ఆ క్షణం చాలు.

ఈ విద్యుత్ రొద (నాయిస్) లక్షణం ఒకటి పట్టుకుంటే సగం రోగం దొరికినట్టే. మోటారు వైండింగులో వేడిని కనిపెట్టే థర్మిస్టర్ తీగలను పవర్ కేబుళ్లతో కలిపి ఒకే ట్రేలో పరిస్తే, వైండింగు చల్లగా ఉన్నా రిలే ట్రిప్ కావచ్చు. అదీ స్టార్ట్ అయ్యే ఆ కొద్ది సెకన్లలోనే. మోటారు వేగం అందుకుని బైపాస్ కాంటాక్టర్ పడితే కరెంటు థైరిస్టర్లను వదిలి కాంటాక్టర్ గుండా పోతుంది, కోత ఆగిపోతుంది, నాయిస్ కూడా ఆగుతుంది. ట్రిప్ ఏ సెకనులో వస్తోందో రాసిపెట్టకుండా మోటారును రీవైండింగుకు విప్పేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

తీగకు తీగ అడ్డుపడటం కొత్త గొడవేమీ కాదు. తొలినాటి టెలిఫోన్లు ఒక్క తీగతో, భూమినే రెండో తీగగా వాడుకుంటూ పనిచేసేవి. 1880ల చివర్లో అమెరికా నగరాల్లో ఎలక్ట్రిక్ ట్రాములు వచ్చాక ఆ ఫోన్లలో రొద నిండింది. రెండు తీగలను మెలివేసే ఉపాయానికి గ్రాహంబెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. మెలిక తిరిగిన ప్రతిసారీ రెండు తీగలూ స్థానం మార్చుకుంటాయి కనుక అయస్కాంత క్షేత్రం ఒక మెలికలో పుట్టించిన వోల్టేజీని పక్క మెలిక కొట్టేస్తుంది. తీగల చుట్టూ తొడిగే రాగి షీల్డ్ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని దాదాపు ఆపలేదు. ఆ పని మెలికదే. షీల్డ్ ఆపేది విద్యుత్ క్షేత్రాన్ని.

ఆ పనైనా ఎర్తింగ్ ఉంటేనే. షీల్డ్ తన మీద పడిన కరెంటును లోపలి తీగ దాకా పోనివ్వకుండా ఎర్త్‌కు మళ్లిస్తుంది. ఎర్త్‌కు కలపని షీల్డ్ ఆ పోటును లోపలికే అందిస్తుంది. ఒక చివర కలపాలా, రెండు చివరలా అన్న వాదన పాతదే. తక్కువ ఫ్రీక్వెన్సీ అనలాగ్ సంకేతాలకు సాధారణంగా ప్యానెల్ వైపు ఒక్క చివరే మంచిది. రెండు చోట్ల ఎర్త్ వోల్టేజీల్లో తేడా ఉంటే రెండు చివరలూ కలిపిన షీల్డ్‌లోనే కరెంటు పారుతుంది. మెగాహెర్ట్జ్‌ల నాయిస్‌కు మాత్రం రెండు చివరలూ కలపాల్సిందే.

షీల్డ్ తోకను మెలిపెట్టి, సన్న వైరుతో ఎర్త్ బారుకు లాగడం చాలా ప్యానెళ్లలో కనిపించే అలవాటు. 10 సెంటీమీటర్ల ఆ వైరు ఇండక్టెన్స్ దాదాపు 100 నానోహెన్రీలు. 10 మెగాహెర్ట్జ్ దగ్గర అది 6 ఓమ్‌లకు పైగా అడ్డు. అందుకే మంచి ప్యానెల్ మేస్త్రీ కేబుల్ పైతొడుగు కాస్త ఒలిచి, జడలా అల్లిన రాగి షీల్డ్‌ను చుట్టూ పట్టేలా లోహపు క్లాంపుతో, రంగు గీకేసిన ప్యానెల్ ప్లేటుకే నేరుగా బిగిస్తాడు.